‘పడలేదు’ అన్న ఒక్క మాట కోసం కోనసీమ దాకా

మా సంస్థ పత్రికలో కాశ్మీరు చూసొచ్చిన గుమాస్తాగారి యాత్రను రెండు సంచికల్లో వేశారు. ఊటీలో గుర్రమెక్కి ఫోటో దిగిన స్టోర్సు అధికారిగారి వ్యాసాన్ని ఆ ఫోటోతో సహా వేశారు. పాముకాటు మందు కోసం మా సంస్థ పెంచే గుర్రాలను ఇరవై రెండేళ్లుగా సాకుతున్న నేను కోనసీమ వెళ్లొచ్చి రాసింది మూడుసార్లు పంపాను. రెండుసార్లు ‘స్థలాభావం’ అని తిప్పి పంపారు. మూడోసారి తిప్పి పంపే మర్యాద కూడా చెయ్యలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివేవారు కోనసీమ చూడనివారై ఉంటారు, సీరం ఎలా తయారవుతుందో అసలే తెలియనివారై ఉంటారు. రెండూ చెబుతాను.

పాము విషాన్ని మొదట అతి తక్కువ మోతాదులో గుర్రానికి ఎక్కిస్తాం. దాని ఒంటికి అలవాటయ్యే కొద్దీ మోతాదు పెంచుతాం. కొన్ని వారాలకు ఆ విషాన్ని పట్టి కట్టేసే పదార్థాలు గుర్రం రక్తంలో పుడతాయి. వాటిని యాంటీబాడీలంటారు. మెడ నరం నుంచి రక్తం తీసి, పైన తేరిన తేటను, అంటే సీరాన్ని, శుద్ధి చేస్తే అదే పాముకాటు మందు. ప్రతి యాంటీబాడీకీ రెండు చేతులు, ఒక తోక ఉంటాయనుకోండి. విషాన్ని పట్టేవి చేతులు. తోక గుర్రానిది కాబట్టి మనిషి ఒళ్లు దాన్ని పరాయిదని గుర్తుపట్టి తిరగబడుతుంది. అందుకని పెప్సిన్ అనే జీర్ణరసంతో ఆ తోకను కత్తిరిస్తాం. ఎంత కత్తిరించినా గుర్రం అంశ కొంత మిగులుతుంది. ఎప్పుడైనా ఒకసారి గుర్రం సీరం ఎక్కి, ఒళ్లు తిరగబడిన మనిషికి రెండోసారి ఎక్కిస్తే ప్రాణం మీదికి రావచ్చు.

అలాగే వచ్చింది. అమలాపురంలోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి మా సంస్థకు ఉత్తరం వచ్చింది. మీ సీరం ఎక్కించిన కొద్ది నిమిషాల్లో రోగి కుప్పకూలాడు, సీరంలో మలినం ఉంది, మిగతా సీసాలు వాడడం మానేశాం అని. మా పైఅధికారి ఆ ఉత్తరానికి నకలు జతచేసి నాకు మెమో ఇచ్చాడు, శుద్ధిలో లోపం ఎందుకు జరిగిందో వివరించమని. అదే తయారీలో మా దగ్గర మిగిలిన సీసాలను పరీక్షించి చూపించాను. మలినం లేదు. అమలాపురం వెళ్లి అసలు సంగతి కనుక్కుంటానన్నాను. “గుర్రాల మనిషికి ఆసుపత్రిలో ఏం పనయ్యా?” అన్నాడు, ముగ్గురు గుమాస్తాల ఎదుట. ఆ ముగ్గురి పేర్లూ నాకు గుర్తున్నాయి. సొంత సెలవు పెట్టి బయల్దేరాను.

సఖినేటిపల్లి రేవు

నరసాపురంలో రైలు దిగి, వశిష్ఠ గోదావరి దాటడానికి పంటు అనే పెద్ద పడవ ఎక్కాను. కూర్చోవడానికి ఒక్క బల్ల ఉంది. దాని మీద ఒక ఉద్యోగస్థుడు తన సంచిని కూర్చోబెట్టి తాను పక్కన కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. అవతల గట్టు వచ్చేదాకా ఆ సంచి దిగలేదు.

నా పక్కనే నిలబడ్డ ఆయన చెవులకు కుండలాలు, భుజాన జరీ ఉత్తరీయం ఉన్నాయి. వేదం చదువుకున్న కుటుంబం వారు. పాలకొల్లులో ఏదో సభ చూసుకుని ఇంటికి పోతున్నారు. నది సగం దాటేలోపే పలకరించారు.

“తమరు ఎవరి తాలూకండీ?”

“ఎవరి తాలూకూ కాదండీ. గుర్రాల తాలూకు.”

“అంటే, పందాలాండీ?”

మందు గుర్రాలని చెప్పి, పైన మీకు చెప్పిందంతా ఆయనకూ చెప్పాను. శ్రద్ధగా విన్నారు.

“అయితే ఏవండీ, రేపు నన్ను తాచుపాము కరిచిందనుకోండి. గుర్రం రక్తం నాకెక్కించేస్తారా?”

“రక్తం కాదండీ, అందులోని తేట.”

“తేటే అనుకోండి. ఎక్కించేక నేను సంధ్యావందనానికి పనికొస్తానా?”

“బతికుంటే పనికొస్తారు.”

ఆయన ఉత్తరీయం సర్దుకుని, “అదీ నిజవేనండి. బతికేక ప్రాయశ్చిత్తం సంగతి నేను చూసుకుంటాను, అది మా ఇంటి పనే,” అన్నారు. రేవు దిగాక కొబ్బరి బొండాం కొట్టించి, నన్ను డబ్బు తియ్యనివ్వలేదు. మా కర్నూలు వైపు టీకి ఇచ్చే దానికంటే ఇక్కడ బొండాం చవక.

రాజోలు

కోనసీమకు కొత్తగా వచ్చేవారు ముందు నేర్చుకోవలసిన మాట ‘ఆయ్’. నాకు అది నేర్పింది రాజోలు.

హోటలు సర్వరును “ఇడ్లీ ఉందా?” అన్నాను. “ఆయ్,” అన్నాడు. “వేడిగా ఉన్నాయా?” “ఆయ్.” చల్లటి అట్టు వచ్చింది. అడిగితే, “ఇడ్లీ అయిపోయిందండీ. మీరు అడుగుతున్నారు కదాని వింటున్నానండి,” అన్నాడు. బస్సులో కండక్టరును మామిడికుదురు వెళుతుందా అంటే అతనూ ఆయ్ అన్నాడు. ఆ బస్సు అటు వెళ్లదు. దారిలో దింపేసి, వెనక వచ్చే బస్సు ఆపి, నా సంచి తానే అందులో పెట్టి, “మా బాబాయిగారిలా ఉన్నారు, కాదని ఎలా చెప్పనండీ,” అన్నాడు.

మా వైపు లేదంటే లేదంటాం, ముఖం మీదే. ఇక్కడ ఎదుటి మనిషి మాటకు అడ్డం రావడమే తప్పు. ఆయ్ అంటే ఔనని కాదు. విన్నాను, తమరు చెప్పండి అని. అది ఆనాడు నాకు సగమే అర్థమైంది.

మామిడికుదురు

రోగి పేరు దావీదు. మామిడికుదురు దాటాక కాలవ గట్టున ఇల్లు. దింపు పని చేస్తాడు, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దించడం. కొబ్బరి తోటలో ఎండు మట్టలు ఎత్తుతుంటే రక్తపింజర కాలి మీద కాటు వేసింది. అమలాపురం తీసుకెళ్లారు. సీరం ఎక్కించగానే ఊపిరి ఆడక పడిపోయాడు. ప్రాణం పోసే ఎడ్రినలిన్ సూది మందు బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది. తాళం చెవి వెతికి తెచ్చేసరికి మనిషి నల్లబడిపోయాడట. ఎలాగో దక్కాడు.

ఫలానా సంస్థ నుంచి వచ్చానని చెప్పగానే గొడవ పెట్టుకుంటారనుకున్నాను. మంచం వాల్చి, బొండాం చేతికిచ్చారు.

“ఆ గుర్రం మీదేనాండీ?” అన్నాడు దావీదు. “నాలో గుర్రం ఎక్కిందంటే చెట్లెక్కడం మానేసి పరుగెత్తాలి కదండీ. పడుకోబెట్టేసిందేంటండీ?”

అతని భార్య సలోమమ్మ నవ్వలేదు. ఊళ్లో ఇప్పుడు పాము కరిస్తే ఎవరూ ఆసుపత్రికి పోమంటున్నారని ఆవిడే చెప్పింది. దావీదు మొగం చూసి భయపడ్డారు. కోతలు దగ్గరపడుతున్నాయి. చేలల్లో, గట్ల మీద పాములు తిరిగే రోజులు.

“సూది వేసేముందు డాక్టరుగారు ఏమైనా అడిగారా అమ్మా?”

“అడిగేరండి. ఒక కాయితం చూసి అడిగేరు. ఇంతకుముందు గుర్రం సీరం పడిందా అని.”

“మీరేమన్నారు?”

“ఉన్నదే చెప్పేనండి. పడలేదండీ అన్నాను.”

ఎక్కించుకోలేదన్నమాట, అయితే తప్పు మా సీరందేనా అనుకున్నాను. అయినా ఇంకొకసారి అడిగాను. “పడలేదంటే?”

ఆవిడ నన్ను తెలుగు రానివాణ్ణి చూసినట్టు చూసింది. “పడలేదంటే పడలేదేనండి. నాలుగేళ్ల కిందట కొబ్బరికాయలొలిచే గునపం ఈయన పాదంలో దిగిపోయింది. ధనుర్వాతం రాకుండా సూదేసేరు. గుర్రం మందు, జాగ్రత్తని ఆ కాంపౌండరుగారే చెప్పేరు. ఎనిమిదో రోజుకి ఒళ్లంతా దద్దుర్లు, మోకాళ్లు బూరెల్లా పొంగిపోయినియ్. అమ్మోరు పోసిందనుకున్నారు ఇరుగుపొరుగు. పడలేదు మరి ఈయనకి.”

చేతిలో బొండాం కింద పెట్టేశాను. ఆసుపత్రిలో ‘రెండు సీసాలు పడ్డాయి’ అంటే ఎక్కించారని. ఇంట్లో ‘వంకాయ పడదు’ అంటే ఒంటికి సరిపోదని. డాక్టరు ఆసుపత్రి తెలుగులో అడిగాడు, ఈవిడ ఇంటి తెలుగులో చెప్పింది. ధనుర్వాతానికి వేసిన ఆ సీరం కూడా గుర్రానిదే. అన్నిటికంటే ముఖ్యమైన ఆ సంగతి డాక్టరుకు చేరలేదు, ఆవిడ మాత్రం చెప్పాననే అనుకుంది.

“డాక్టరుగారు మళ్లీ అడగలేదా?”

“అడిగేరండి. పడలేదు కదా, పడలేదు కదా అని రెండుసార్లు.”

“మీరు?”

“ఆయ్ అన్నానండి.”

దావీదు చెయ్యి అడ్డంగా ఊపాడు. “అయిపోయిందే కదా, వదిలెయ్యవే.”

“మీకేం, మీరు తెలివిలేకుండా పడున్నారు. వార్డులో అందరూ వింటుంటే, డాక్టరుగారు ఏదో నాటుపసరు పోసి తెచ్చుంటారు అన్నారండి నన్ను. చుక్క పొయ్యలేదు, ప్రభువు సాక్షి. తిన్నగా తీసుకెళ్లేను. ఆ మాట నాకు పొద్దున లేస్తే గుర్తొస్తుందండి.”

నాకు బాగా అర్థమైంది. నా జేబులో మెమో ఉంది. రేపు నాతో అమలాపురం వస్తారా అన్నాను. పొయ్యి మీద కొబ్బరిపాలు పోసిన రొయ్యల కూర దించి, వడ్డిస్తూనే, మొదటి బస్సుకే పోదామంది. ఆ కూర గురించి విడిగా ఒక వ్యాసం రాయొచ్చు, వేసేవాడుంటే.

అమలాపురం

పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీల్లాంటి పొట్టిక్కలు తిని ఆసుపత్రికి వెళ్లాం. గంటసేపు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. మా తర్వాత వచ్చిన మందుల కంపెనీ ఏజెంటును మాత్రం లోపలికి పిలిచారు. సలోమమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

డాక్టరు వరంగల్ నుంచి వచ్చిన కుర్రవాడు. నేనెవరో చెప్పగానే మొహం ముడుచుకున్నాడు.

“ఉత్తరం రాసిన కదా సార్. ఇంక చెప్పేదేముంది? సీరం బాగలేదు.”

“సీరం బాగానే ఉంది. ఈవిడ మీకు పడలేదని చెప్పింది కదా, దానికి అర్థమేమిటో ఈవిడనే అడగండి.”

సలోమమ్మ నిలబడే చెప్పింది. గునపం, సూది, ఎనిమిదో రోజు, దద్దుర్లు, మోకాళ్లు. డాక్టరు మొదట రాసుకోబోయి కలం ఆపేశాడు.

“అయ్యో, మరి ఎక్కించుకున్నడని చెప్పాలె కదమ్మా. తెలిస్తే ఎడ్రినలిన్ చేతిల పట్టుకుని, చుక్కచుక్కగా ఎక్కిస్తుంటి.”

“పడలేదని చెప్పేను కదండీ.”

డాక్టరు లేచి ఫ్రిజ్ తెరిచాడు. వాడడం మానేసిన మా సీరం పెట్టె అలాగే ఉంది. అందులోని కాగితం తీసి నా ముందు పెట్టాడు. “నా సొంత మాట కాదు సార్. మీరు రాసిందే అడిగిన.”

ఉంది. మా సంస్థ ముద్రించిందే. ‘రోగికి పూర్వము అశ్వ సీరం పడినదా?’

ఒకటి ఒప్పుకోవాలి. ఆ కాగితం అచ్చుకు వెళ్లేముందు చిత్తుప్రతి నేనూ చూశాను. అక్షరాలు మరీ చిన్నవి, అశ్వం అంటే జనానికి తెలియదు అని రెండు అభ్యంతరాలు రాసిచ్చాను. రెండూ పక్కన పడేశారు. కానీ ‘పడినదా’ నా కంటికీ ఆనలేదు. ఇరవై రెండేళ్లు ఆ గోడల మధ్య ఉండి నేనూ ఆసుపత్రి తెలుగుకే అలవాటు పడ్డాను.

మాట్లాడుతుండగానే బయట రిక్షా ఆగింది. ముమ్మిడివరం వైపు నుంచి ఒక పాతికేళ్ల అమ్మాయిని తెచ్చారు. చేలో గడ్డి కోస్తుంటే రక్తపింజర కరిచింది. చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోంది. డాక్టరు గాజు గొట్టంలో రక్తం తీసి నిలబెట్టాడు. ఇరవై నిమిషాల తర్వాత వంచితే నీళ్లలా కారింది. గడ్డ కట్టడం లేదు. సీరం పడాలి, అంటే ఎక్కించాలి. చూశారా, నాకే నోరు జారుతోంది.

ఆ అమ్మాయి అన్నగారు అడ్డం నిలబడ్డాడు. “గుర్రం సూది మాత్రం వద్దండీ. మామిడికుదురులో ఒకాయన చచ్చి బతికేడంట. మేం తీసుకుపోతాం.”

డాక్టరు సీరం పెట్టెకేసి చూశాడు. వాడడం మానేశానని ఉత్తరం రాసిందీ తానే. నేను నోరు తెరిచేలోపు సలోమమ్మ కదిలింది.

“ఆ చచ్చి బతికినాయన మా ఆయనేనండి. బాబూ, సూది చెడ్డది కాదు. మాట తిరగబడింది. నేనొకటి చెప్పేను, ఆయనొకటి విన్నారు. మీ చెల్లికి ఎప్పుడైనా ఏ సూదైనా వేసేరా? వేసేక ఒంటి మీద ఏమైనా పొంగిందా?”

“కాన్పుకి రెండు వేయించేవండి. ఏమీ పొంగలేదు.”

కాన్పుకు వేసే టీకాలో గుర్రం లేదని డాక్టరుకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఒకేసారి తలూపాం.

“మరింకేంటండీ? పడుకోబెట్టండి,” అంది సలోమమ్మ.

ఈసారి ఎడ్రినలిన్ ముందే సిరంజిలోకి ఎక్కించి ట్రేలో పెట్టారు. సీరం సెలైనులో కలిపి నెమ్మదిగా వదిలారు. కాసేపటికి అమ్మాయి మెడ మీద దద్దుర్లు లేచి గోక్కోసాగింది. అన్నగారు నాకేసి చూసిన చూపు చెప్పలేను. డాక్టరు చుక్కలు ఆపి, ట్రేలోని మందు వేశాడు. దద్దుర్లు అణిగాక మళ్లీ సన్నగా వదిలాడు. నేను ఆ సీసా అడుగున ఉన్న తయారీ నెంబరు చూస్తూ కూర్చున్నాను. నాకు మెమో తెచ్చిన తయారీయే.

డాక్టరు కూడా అక్కడే కూర్చుని, ఈమధ్య విదేశీ పత్రికలో చదివింది చెప్పాడు. “ఎలుక యాంటీబాడీ చేతులకు మనిషి తోక అతికిస్తున్నరట సార్. ఒళ్లు గుర్తుపట్టకుంట. గుర్రాలతోని పని ఉండదేమో ఇంక.”

“మంచిదే. అది ముమ్మిడివరం చేరేదాకా మా గుర్రాలు ఉంటాయి,” అన్నాను.

సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ రక్తం తీశారు. ఇరవై నిమిషాలకు గొట్టం వంచితే గడ్డ కదల్లేదు. గొట్టాన్ని అన్నగారి చేతికే ఇచ్చారు. ఆయన దాన్ని రెండుసార్లు తలకిందులు చేసి చూసుకున్నాడు.

అప్పుడు డాక్టరు వార్డు మధ్యకు వచ్చి, “అమ్మా, ఆ రోజు పసరు అన్నది నా తప్పు. ఇక్కడనే అన్న, ఇక్కడనే చెప్తున్న,” అన్నాడు.

“ఆయ్,” అంది సలోమమ్మ.

ఆ ఆయ్‌కి అర్థం విన్నానని మాత్రమే. అప్పటికి నాకు ఆ భాష వచ్చేసింది.

కొత్తపేట

దావీదు అక్కగారు రూతమ్మ కొత్తపేటలో టీచరు. తిరుగుదారిలో ఆవిణ్ణి కలవమని సలోమమ్మ చీటీ రాసిచ్చింది. బడి విరామంలో కాగితం చూపించాను.

“అశ్వం ఏంటండీ? ఇది ఆసుపత్రి కాయితమా, పురాణమా?” అన్నారు. ఎర్ర సిరాతో ‘పడినదా’ చుట్టూ సున్నా చుట్టారు. ఎవరూ పిల్లవాడి పరీక్ష పేపరును అంత కోపంగా దిద్ది ఉండరు.

కొత్త వాక్యం ఆవిడే రాశారు. ‘గాయానికి గానీ, కాటుకు గానీ ఎప్పుడైనా సూది వేశారా? వేసిన పదిహేను రోజుల్లో దద్దుర్లు, కీళ్ల వాపు, ఆయాసం వచ్చాయా?’ బడి గేటు దగ్గర పాలమ్మే ఆవిడను, సైకిలు మీద పోతున్న పోస్టుమాన్‌ను, వంట చేసే ముసలమ్మను ఆపి అడిగి చూశాం. ముగ్గురూ ఇంకో అర్థం వెతక్కుండా జవాబు చెప్పారు. ముసలమ్మ మాత్రం మొదట ఆయ్ అంది. రూతమ్మగారు కింద ఇంకో వరస చేర్చారు. ‘ఆయ్ అంటే మళ్లీ అడగాలి.’

ఆత్రేయపురం పూతరేకుల పొట్లం ఒకటి చేతిలో పెట్టి బస్సెక్కించారు. దారిలో సగం పొడి అయిపోయాయి. పొడి కూడా బాగుంది.

తిరిగి వచ్చాక

సలోమమ్మ చెప్పింది, డాక్టరు సంతకం పెట్టి ఇచ్చింది, రూతమ్మగారి వాక్యం, అన్నీ కలిపి నివేదిక ఇచ్చాను. ‘భాషా విషయములు గుర్రాల విభాగము పరిధిలోనికి రావు’ అని ఒక్క వరస రాసి తిప్పి పంపారు. మెమో రద్దు చెయ్యలేదు. దాని సంగతి నేను చూసుకుంటాను. కానీ గత నెల కొత్త పెట్టెలు వచ్చాయి. తెరిచి చూశాను. అదే కాగితం, అదే ‘పడినదా’. కోనసీమలో మళ్లీ కోతలు మొదలయ్యాయి.

అయ్యా, కాగితంలో ‘పడినదా’ అని రాసిన అధికారిగారూ, మీరు ఎవరో నాకు తెలుసు, ఇక్కడ పేరు రాయను. నా పదోన్నతి గురించి అడగడం లేదు, నా వ్యాసం గురించీ అడగడం లేదు. మీ ఇంట్లో ఆవిడ ‘నాకు వంకాయ పడలేదండీ’ అంటే మీకేమర్థమవుతుంది? వడ్డించలేదనుకుని మళ్లీ వడ్డిస్తారా? ఈ ఒక్క ప్రశ్నకు మీ సంతకంతో జవాబు రాయండి. నాకు కాదు, మామిడికుదురు కాలవ గట్టు మీద ఉన్న సలోమమ్మగారికి రాయండి.